వారానికి ఐదు బ్యారేజీలు, రెండు పూటలు బస్కీలు

బెజవాడలో వ్యాయామం మాట ఎత్తితే రెండు జవాబులు వినిపిస్తాయి. ఒకటి, "టైం దొరకట్లేదండీ." రెండోది, "రోజూ వాకింగ్ చేస్తూనే ఉన్నాను కదా." మొదటిది చాలామంది విషయంలో నిజమే. పొద్దున్నే పిల్లల స్కూల్ బస్సు, ఆ తర్వాత ఆఫీసో షాపో, ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది. ఇందులో గంట ఖాళీ ఎంత వెతికినా దొరకదు. అందుకని గంట కోసం వెతకడం మానేసి, ఉన్న పనుల మధ్యే వ్యాయామాన్ని ఎలా ఇరికించాలో చూద్దాం. రెండో జవాబుతో మాత్రం నాకు పేచీ ఉంది. నడక మంచిదే, కానీ అదొక్కటే చాలదు. మన ఊళ్ళో ఎవరూ పట్టించుకోని సంగతి అదే కాబట్టి అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

డాక్టర్ని ముందే అడగాల్సినవాళ్ళు

మామూలు నడకకు చాలామందికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ నడుస్తుంటే ఛాతీ పట్టేసి, ఆగితే తగ్గుతున్నా, ఇదివరకు గుండె జబ్బు వచ్చినా, ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడిపోయినా, బీపీ అదుపులో లేకపోయినా ముందు డాక్టర్ని కలవండి.

షుగర్ ఉన్నవాళ్ళు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు ఇంకో జాగ్రత్త పాటించాలి. వ్యాయామం చేసేటప్పుడు షుగర్ పడిపోవచ్చు. చేతులు వణుకుతున్నా, ఉన్నట్టుండి చెమటలు పట్టి గుండె దడగా ఉన్నా వెంటనే ఆగి తీపి ఏదైనా నోట్లో వేసుకోవాలి. జేబులో చిన్న గ్లూకోజ్ ప్యాకెట్ పెట్టుకుంటే సరి. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు వట్టి కాళ్ళతో నడవకూడదు. మధ్యాహ్నం గుడి ఆవరణలో కాలిన రాతి మీద చేసే ప్రదక్షిణలకూ ఇది వర్తిస్తుంది. కాలిందన్న సంగతి బొబ్బ చూసేదాకా తెలియదు. కంటి రెటీనా దెబ్బతిన్నదని చెప్పించుకున్నవాళ్ళు బరువులు ఎత్తే ముందు కంటి డాక్టర్ని అడగాలి.

ఎంత చేయాలో బ్యారేజీతో కొలవండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలి. గట్టి శ్రమ అయితే 75 నుంచి 150 నిమిషాలు చాలు. దీనికి తోడు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే పనులు చేయాలి. మొదటి మాట అందరికీ తెలుసు, రెండో మాట దగ్గరికి వచ్చేసరికి పేజీ తిప్పేస్తారు.

ఓ మోస్తరు శ్రమ అంటే, పక్కన నడిచేవాళ్ళతో మాట్లాడగలగాలి గానీ పాట అందుకుంటే ఊపిరి చాలకూడదు. నాలుగు మాటలకోసారి ఆగి గాలి పీల్చుకోవాల్సి వస్తే అది గట్టి శ్రమ. ఒక నిమిషం గట్టి శ్రమ దాదాపు రెండు నిమిషాల మోస్తరు శ్రమతో సమానం. వాచీలు, మీటర్లు లేకుండా ఈ లెక్క సరిపోతుంది.

దూరం కొలవడానికి మనకు మంచి కొలబద్దే ఉంది. ప్రకాశం బ్యారేజీ పొడవు 1223.5 మీటర్లు. విజయవాడ వైపు నుంచి సీతానగరం వైపుకు వెళ్ళి తిరిగొస్తే సుమారు రెండున్నర కిలోమీటర్లు అవుతుంది. అరగంటలో పూర్తయితే అది వ్యాయామం. ముప్పావుగంట పడితే అది షికారు. షికారు కూడా ఇంట్లో కూర్చోవడం కంటే నయమే, కాకపోతే దాన్ని పూర్తి లెక్కలో వేసుకోకండి. అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు నడిస్తే 150 నిమిషాలు పూర్తయినట్టే. రోజూ బ్యారేజీ దాకా వెళ్ళనక్కర్లేదు. ఒకసారి తెల్లవారుజామున, వాహనాల రద్దీ మొదలవకముందే, అక్కడ నడిచి ఆ వేగం ఎలా ఉంటుందో ఒంటికి తెలియజెప్పండి. తర్వాత మీ కాలనీలో అదే వేగంతో అరగంట నడవండి.

ఫోన్‌లో 10,000 అడుగులు పూర్తి కాలేదని రాత్రి పదింటికి హాల్లో చక్కర్లు కొట్టేవాళ్ళు ఉన్నారు. ఆ సంఖ్య వైద్య పరిశోధనలోంచి వచ్చింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరు పేరులోంచి ఊరూరా పాకింది. మీరు ఇప్పుడు మూడు వేల అడుగులు వేస్తుంటే ఐదు వేలు చేయండి, ఒంటికి తేడా తెలుస్తుంది.

ఇంకో మంచి మాట. ఒకేసారి కనీసం పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అని 2010 నాటి సూచనల్లో ఉండేది. 2020లో ఆ షరతు తీసేశారు. మూడు నిమిషాలు మెట్లెక్కినా అది మీ ఖాతాలో పడుతుంది. తీరిక లేనివాళ్ళకు దారి దొరికేది ఇక్కడే.

ముందు రెండు రోజులు ఏమీ చేయకండి, రాసుకోండి

ఒక కాగితం తీసుకుని పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఎక్కడ ఎంతసేపు కూర్చుంటున్నారో రాయండి. ఒకటి మామూలు రోజు, ఒకటి ఆదివారం. రెండు విషయాలు బయటపడతాయి. ఒకటి, ఫోన్ చూస్తూ సోఫాలో గడిచిన సమయం మీరు అనుకున్నదానికంటే ఎక్కువ ఉంటుంది. రెండోది, రోజూ తప్పకుండా జరిగే పనులు కొన్ని ఉంటాయి: కాఫీ, స్నానం, కుక్కర్ పెట్టడం, భోజనం, షట్టర్ దించడం. ఈ తప్పని పనులకే వ్యాయామాన్ని ముడిపెట్టాలి. "రేపట్నుంచి ఐదింటికి లేస్తాను" అనే ఒట్టు మూడో రోజుకే తప్పిపోతుంది. "రాత్రి అన్నం తిన్నాక చెయ్యి కడుక్కుని నేరుగా చెప్పులేసుకుంటాను" అనుకుంటే నిలబడుతుంది. అన్నం తినడం ఎవరూ మర్చిపోరు కదా.

నడకను పనుల్లో కలపడం

భోజనం తర్వాత నడకతోనే మొదలుపెట్టండి. తిన్న కాసేపటికి పది, పదిహేను నిమిషాలు మామూలు వేగంతో నడిస్తే చాలు. కదులుతున్న కండరాలు రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కుంటాయి. అందుకు అవి ఇన్సులిన్ కోసం పెద్దగా ఎదురుచూడవు. తెల్లన్నం, పప్పు, వేపుడు, పెరుగన్నంతో సాగే మన భోజనం తర్వాత షుగర్ ఒక్కసారిగా పైకి ఎగబాకకుండా ఇది పట్టి ఉంచుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకే కాదు, అంచున ఉన్నవాళ్ళకూ పనికొస్తుంది. వేగంగా నడవాల్సిన పని లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బళ్ళ మధ్య తిరిగినా, డాబా మీద పచార్లు చేసినా సరే.

తర్వాతది బండి సంగతి. సందు చివరి కొట్లో పెరుగు ప్యాకెట్‌కి కూడా స్కూటీ తీసే ఊరు మనది. ఒక కిలోమీటరు లోపు పని ఏదైనా కాలినడకనే అని ఇంట్లో రూలు పెట్టుకోండి, పిల్లలతో సహా. బీసెంట్ రోడ్డులో షాపింగ్ ఉంటే ఒక్కచోట బండి పెట్టి అన్ని పనులూ నడిచే చేసుకోండి. ఆ రద్దీలో ఎలాగూ నడకే బండికంటే ముందు చేరుతుంది. రైతు బజారు నుంచి వచ్చేటప్పుడు కూరగాయలన్నీ ఒకే సంచీలో కుక్కకుండా రెండు చేతులకూ సమానంగా రెండు సంచులు చేసి, భుజాలు వెనక్కి పెట్టి, నడుము నిటారుగా ఉంచి మోయండి. ఇది నడకా అవుతుంది, చేతి పట్టుకూ నడుముకూ బలమూ అవుతుంది.

ఆఫీసులో ఫోన్ వస్తే లేచి మాట్లాడండి. రెండు లీటర్ల బాటిల్ పక్కనే పెట్టుకోకుండా చిన్న గ్లాసుతో తాగితే నీళ్ళ కోసమైనా గంటకోసారి లేస్తారు. రెండు మూడు అంతస్తులైతే లిఫ్ట్ వద్దు. మెట్లెక్కడం గట్టి శ్రమ కిందికే వస్తుంది. కొండ మీద ఇళ్ళున్న మన వన్‌టౌన్ వాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. నీళ్ళ బిందెతో రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగుతారో వాళ్ళ పిక్కలు చూస్తేనే తెలుస్తుంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు ఎక్కడం కన్నా దిగడమే కష్టం, కాబట్టి మెట్లెక్కి లిఫ్ట్‌లో దిగండి. దీనికి సిగ్గుపడాల్సిందేమీ లేదు.

వేగంగా నడవడానికి మాత్రం మెయిన్ రోడ్డు మంచిది కాదు. మన ఫుట్‌పాత్‌ల మీద బళ్ళు, టిఫిన్ బండ్లు ఉంటాయి, మనిషికి చోటుండదు. రాజీవ్ గాంధీ పార్కో, రాఘవయ్య పార్కో, దగ్గర్లోని గ్రౌండో, లేదా కాలనీలో నాలుగు సందులు కలిపి ఒక చుట్టో చూసుకోండి. రోడ్డు మీద నడవక తప్పకపోతే ఎదురుగా వచ్చే వాహనాలు కనపడేలా కుడి పక్కన నడవండి, చీకట్లో లేత రంగు బట్టలు వేసుకోండి, రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోకండి. కుక్కలు మొరిగితే పరుగెత్తకండి, వేగం తగ్గించి వాటివైపు తేరిపార చూడకుండా దాటిపోండి.

ఎండతో పంతం వద్దు

బ్లేజ్‌వాడ అనే పేరు ఊరికే రాలేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఇక మనుషుల సంగతి చెప్పాలా. చుట్టూ రాతి కొండలు, కింద సిమెంటు రోడ్లు పగలంతా వేడిని పీల్చి రాత్రికి వదులుతాయి. సాయంత్రం ఏడింటికి కూడా గోడల నుంచి సెగ కొడుతూనే ఉంటుంది. పైగా నది, కాలువలు ఉన్న ఊరు కాబట్టి ఉక్క. ఉక్కలో చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు.

అందుకని ఏప్రిల్ నుంచి జూన్ సగం దాకా బయట నడకను తెల్లవారుజామున ఆరున్నర లోపే ముగించండి. సాయంత్రం మీదే ఆధారపడేవాళ్ళు ఆ రెండున్నర నెలలు నడక తగ్గించి, ఇంట్లో ఫ్యాన్ కింద బలం వ్యాయామాలు పెంచుకోవడం మేలు. బయల్దేరే ముందు ఒక గ్లాసు నీళ్ళు తాగండి. చెమట ధారగా పోతే తిరిగొచ్చాక పల్చటి ఉప్పు మజ్జిగ తాగండి. బీపీ వల్ల ఉప్పు తగ్గించమని చెప్పించుకున్నవాళ్ళు ఉప్పు లేకుండానే తాగాలి. తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం మొదలైతే నీడకు వెళ్ళి ఆగిపోవాలి. ఎవరైనా తికమకగా మాట్లాడుతూ ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపు ఒళ్ళంతా నీళ్ళతో తడుపుతూ విసరండి.

చెమట బాగా పడితే కొవ్వు కరిగినట్టని ప్లాస్టిక్ జాకెట్లు వేసుకుని నడిచేవాళ్ళను చూస్తే భయమేస్తుంది. పోయేది నీళ్ళు, ఉప్పు మాత్రమే.

వానాకాలం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మెట్లు, సెల్లార్, డాబా కింద వరండా ఉన్నాయి. నీళ్ళు నిలిచిన రోడ్డు మీద మాత్రం అడుగు పెట్టకండి, మ్యాన్‌హోల్ ఎక్కడుందో తెలియదు.

అసలు కొరత: బలం

ముప్పై దాటాక కండ కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది, అరవై తర్వాత ఇంకా వేగంగా. బరువు మిషన్ ఈ సంగతి చెప్పదు, ఎందుకంటే పోయిన కండ స్థానంలో కొవ్వు చేరి అంకె అలాగే ఉంటుంది. చేతులు, కాళ్ళు సన్నగా, పొట్ట ముందుకు. మన వాళ్ళలో బాగా కనిపించే ఒంటి తీరు ఇదే. తిన్న అన్నంలోని గ్లూకోజ్‌లో పెద్ద వాటా వెళ్ళి చేరాల్సింది కండరాల్లోకే. ఆ కండరాలే తగ్గిపోతే షుగర్ ఎక్కడికి పోతుంది? రక్తంలోనే ఉంటుంది. ఏళ్ళ తరబడి నడుస్తున్నా షుగర్ దిగనివాళ్ళు తిండితో పాటు దీన్నీ చూసుకోవాలి.

దీనికి జిమ్ తప్పనిసరి కాదు. ఉంటే వెళ్ళండి, మంచిదే. తాలింఖానాల్లో, అంటే పాతకాలపు వ్యాయామశాలల్లో, దండీలు, బస్కీలు తీసిన తాతల ఊరు మనది. వినాయకుడి ముందు గుంజీళ్ళు తీయని పిల్లలు లేరు. ఇంట్లోనే ఇరవై నిమిషాలు, వారానికి రెండుసార్లు, మధ్యలో కనీసం ఒక రోజు విరామంతో చేస్తే చాలు.

కుర్చీ బస్కీతో మొదలుపెట్టండి. ఇది ఒక్కటి సరిగ్గా వస్తే మిగతావి తేలిక. చేతుల్లేని గట్టి కుర్చీని జారకుండా గోడకు ఆనించి వేయండి, చక్రాల కుర్చీ, ప్లాస్టిక్ కుర్చీ వద్దు. అంచుకు జరిగి కూర్చోండి. పాదాలు భుజాల వెడల్పులో, మడమలు మోకాళ్ళకు కాస్త వెనకగా ఉండాలి. చేతులు ఛాతీ మీద కట్టుకోండి. ఛాతీని ముందుకు వంచి, మడమలతో నేలను తొక్కుతూ లేవండి. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. మోకాళ్ళు లోపలికి ఒకదానికొకటి దగ్గరవుతుంటే గమనించండి, అవి కాలి బొటనవేళ్ళ దిశలోనే ఉండాలి. నిటారుగా నిలబడి, ఇప్పుడు మెల్లగా మూడు అంకెలు లెక్కపెడుతూ కూర్చోండి. దబ్బున కూలబడితే సగం లాభం పోయినట్టే, ఎందుకంటే దిగేటప్పుడూ తొడలు గట్టిగా పని చేస్తాయి. పిరుదులు కుర్చీకి తగలగానే మళ్ళీ లేవండి. చేతుల సాయం లేకుండా లేవలేకపోతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి. పన్నెండు సులువుగా వస్తుంటే దిండు తీసేయండి. అదీ సులువైతే ఐదు లీటర్ల నీళ్ళ క్యాన్‌ను గుండెకు హత్తుకుని లేవండి. ఐదు లీటర్ల నీళ్ళంటే ఐదు కిలోలు, ఇంతకన్నా చవకైన డంబెల్ దొరకదు.

తర్వాత గోడ దండీ. గోడకు చెయ్యి చాపు దూరంలో నిలబడి, అరచేతులు ఛాతీ ఎత్తులో ఆనించి, ఒంటిని బల్లలా నిటారుగా ఉంచి ముక్కు గోడ దగ్గరికి వచ్చేలా వంగి తిరిగి తోయాలి. గోడ తేలికైతే వంటగట్టు, అదీ తేలికైతే కదలని మంచం అంచు, ఆఖరికి నేల. నేల మీద పది సరైన దండీలు తీయగలిగితే ఏ వయసులోనైనా మెచ్చుకోవాల్సిందే.

లాగే పని మన రోజువారీలో దాదాపు లేదు, బావి గిలకలు పోయాక అసలే లేదు. అందుకే భుజాలు ముందుకు ఒరిగిపోయాయి. గుడ్డ సంచీలో రెండు మూడు నీళ్ళ బాటిళ్ళు వేసుకుని, ఒక చేతిని కుర్చీ మీద ఆనించి వంగి, రెండో చేత్తో సంచీని నడుం పక్కకు లాగండి. మోచెయ్యి పక్కటెముకలను రాసుకుంటూ వెనక్కి పోవాలి.

నడుము కోసం వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకు నొక్కి పిరుదులను పైకి లేపి మూడు అంకెలు ఆపండి. రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్ళకు ఇది దివ్యంగా పనిచేస్తుంది.

ఒక్కోటి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, రెండు విడతలు. చివరి రెండు సార్లు కష్టంగా అనిపించాలి. అనిపించకపోతే బరువు పెంచాల్సిన సమయం వచ్చిందన్నమాట. ఊపిరి బిగబట్టకండి, బీపీ ఉన్నవాళ్ళు మరీను. మర్నాడు, ఎల్లుండి తొడలు పట్టేసినట్టు ఉండటం మామూలే. కీలు లోపల సూదితో పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం ఆ వ్యాయామం ఆపి చూపించుకోండి.

ఆడవాళ్ళు బరువులెత్తితే మగవాళ్ళలా కండలు వస్తాయని ఒక అపోహ ఉంది. అలా రావు, కావాలనుకున్నా అంత సులభం కాదు. నెలసరి ఆగిపోయాక ఎముకలు త్వరగా పల్చబడతాయి కాబట్టి బరువులు ఎత్తాల్సింది ముందుగా వాళ్ళే.

కండ పెరగాలంటే తిండిలో మాంసకృత్తులు ఉండాలి. అరవై కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాములు కావాలి. ఒక గుడ్డులో 6 గ్రాములే ఉంటాయి. పప్పుచారును పల్చగా చేసుకుని గుట్టెడన్నం కలపడం కాకుండా ముద్దపప్పు, పెసరట్టు, చేప, గుడ్డు, పెరుగు పూటపూటకూ ఏదో ఒకటి ఉండేలా చూసుకోండి. నడిచి వచ్చి టిఫిన్ సెంటర్ దగ్గర ఆగేవాళ్ళకు ఒక లెక్క చెబుతాను: అరగంట వేగపు నడకలో ఖర్చయ్యేది సుమారు 120 నుంచి 150 కేలరీలు. ఒక ప్లేటు పూరీ కూర అంతకు రెట్టింపు దాటుతుంది. ఇడ్లీతో సరిపెట్టుకోండి, అదీ నెయ్యి చూసి.

ఇల్లు, షాపు, స్టీరింగ్

"ఇంటిపనే మాకు వ్యాయామం" అనే మాటలో సగం నిజం ఉంది. ఊడ్చడం, తుడవడం, బట్టలు ఉతకడం శ్రమే, వారపు నిమిషాల్లో వేసుకోవచ్చు. కానీ ఒకే బరువు, ఒకే కదలిక ఏళ్ళ తరబడి చేస్తే బలం పెరగదు, అలసట మాత్రమే మిగులుతుంది. కుక్కర్ మూడు విజిల్స్ వచ్చేలోపు వంటగట్టు దండీలు, పాలు పొంగేలోపు మడమలు పైకి లేపి దించడం చేయొచ్చు. అయితే మగవాళ్ళతో ఒక మాట: ఆమెకు ఇరవై నిమిషాలు దొరకాలంటే చిట్కాలు చెప్పడం కన్నా గిన్నెలు మీరు కడగడం మంచి సాయం. గిన్నెలు కడిగినా మీకు నష్టమేమీ లేదు, సోఫా మీద కూర్చోవడం కన్నా అదే నయం.

బట్టల షాపుల్లో రోజంతా నిలబడేవాళ్ళకు కాళ్ళు లాగుతాయి గానీ వ్యాయామం అవ్వదు. కదలకుండా నిలబడితే రక్తం పిక్కల్లోనే ఆగి నరాలు ఉబ్బుతాయి. గిరాకీ లేనప్పుడు ఇరవై సార్లు మడమలు లేపి దించండి, ఇంటికెళ్ళాక పది నిమిషాలు కాళ్ళు గోడకు ఎత్తిపెట్టి పడుకోండి.

ఆటో, కారు నడిపేవాళ్ళు స్టాండ్‌లో ఆగినప్పుడల్లా దిగి బండి చుట్టూ రెండు చుట్లు నడిచి, డోరు పట్టుకుని పది బస్కీలు తీయొచ్చు. ఆటోనగర్ మెకానిక్‌లకు బరువు పనికి కొదవ లేదు, వాళ్ళకు కావాల్సింది రోజంతా వంగిన నడుమును సాయంత్రం వెనక్కి సాగదీయడం. హాస్టల్లో ఇంటర్ చదివే పిల్లలుంటే ఫోన్ చేసినప్పుడు మార్కులతో పాటు, ఇవాళ ఎండపొడ తగిలిందా, కాసేపు ఆడావా అని కూడా అడగండి.

అరవై ఐదు దాటినవాళ్ళకు నడక, బలంతో పాటు తూలకుండా నిలబడే సాధన వారానికి మూడు రోజులు కావాలి. కిటికీ ఊచ పట్టుకుని ఒంటికాలి మీద పది అంకెలు, తర్వాత రెండో కాలు. స్థిరంగా ఉంటే ఒక్క వేలితో పట్టుకోండి. ఒకరు పక్కన ఉండగానే చేయండి. బాత్‌రూమ్‌లో జారి తుంటి విరగడం ఈ వయసులో ఎంత దూరం తీసుకెళ్తుందో చూసిన ఇంటివాళ్ళకు తెలుసు.

మొదటి నాలుగు వారాలు

మొదటి వారం రాత్రి భోజనం తర్వాత పది నిమిషాల నడక ఒక్కటే, రోజూ. రెండు రోజులు మాత్రం కుర్చీ బస్కీలు ఐదేసి. ఉత్సాహం వచ్చినా ఇంతకు మించి చేయకండి. మొదటి వారంలోనే మోకాళ్ళు పట్టేసి మానేసేవాళ్ళే ఎక్కువ.

రెండో వారం పొద్దున ఇంకో పది నిమిషాలు కలపండి. బస్కీలు ఎనిమిదేసి, గోడ దండీలు మొదలు. మూడో వారం వారంలో ఐదు రోజులు ఇరవై ఐదు నిమిషాలకు పెంచి, అందులో ఒక రోజు వేగం ఆట ఆడండి: ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా గబగబా, ఆ తర్వాతి స్తంభం దాకా మామూలుగా, ఇలా ఎనిమిది స్తంభాలు. నాలుగో వారానికి ఐదు బ్యారేజీలు, అంటే ఐదు అరగంట నడకలు, రెండు బలం పూటలు పూర్తవ్వాలి. పూర్తవ్వకపోతే నాలుగో వారాన్నే మళ్ళీ చేయండి, ఎవరూ మార్కులు వేయరు.

పెళ్ళిళ్ళు, జ్వరాలు, ఆడిట్ నెలలు వస్తాయి, మధ్యలో ఆగిపోతుంది. అలాంటి రోజుల కోసం ఒక కనీస కోటా పెట్టుకోండి, పది కుర్చీ బస్కీలు, ఐదు నిమిషాల నడక, అంతే. జ్వరం ఉంటే అదీ వద్దు. జ్వరం తగ్గి తిండి మామూలయ్యాక ఇదివరకటిలో సగంతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో మునుపటి స్థాయికి రండి. వరసగా రెండు వారాలు మానేసినవాళ్ళూ అంతే, సగం నుంచి.

బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి సైజు సరిగ్గా తెలుస్తుంది. బొటనవేలి ముందు వేలెడు చోటు ఉండాలి. ఖరీదు గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు.

నెలకోసారి మూడు కొలతలు తీసుకుని, పాల లెక్క, గ్యాస్ తేదీ రాసే క్యాలెండర్ మీదే రాసేయండి. అరగంటలో బ్యారేజీ అటూ ఇటూ పూర్తవుతోందా. ముప్పై సెకన్లలో ఎన్ని కుర్చీ బస్కీలు వస్తున్నాయి. బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత ఎంత. మన దేశం వాళ్ళకు మగవాళ్ళలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళలో 80 దాటితే జాగ్రత్త పడాలని వైద్యులు చెప్పే గీత. బరువు మిషన్ మీద అంకె కదలకపోయినా నడుము తగ్గి, బస్కీలు పెరుగుతుంటే మీరు సరైన దారిలోనే ఉన్నట్టు. రెండు మూడు నెలలకు షుగర్, బీపీ కూడా దిగడం మొదలవ్వొచ్చు. అప్పుడు మాత్రలు మీ అంతట మీరు తగ్గించకండి, ఇంట్లో చూసుకున్న రీడింగులన్నీ కాగితం మీద రాసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.